నూట యాభై ఒకటి ఎవరు రాశారు?

పెళ్లికి ముందు మా అక్క డిగ్రీ సర్టిఫికెట్టు నంబరు చీటీ మీద రాసుకుని, ఒక రోజు సెలవు పెట్టి, ఆమె చదివిన కాలేజీకి వెళ్లి విచారించి వచ్చిన మనిషి మా బావ. నంబరు సరిపోయింది. సరిపోయింది కదా, ఇంకేం కావాలని మా నాన్న అడిగితే, అంత సులువుగా సరిపోవడమే తనకు కాస్త అనుమానంగా ఉందన్నాడట. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటున్నాం. అది నవ్వే మాట కాదని నాకు ఈ మధ్యనే తెలిసింది.

మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. నేను మొదటి అంతస్తులో రక్తపరీక్షల ల్యాబు టెక్నీషియన్ని. బావది కింద, మెట్ల వెనకాల ఉన్న కంప్యూటర్ గది. వచ్చిన ప్రతి రోగి వివరాలూ, ప్రతి పరీక్ష ఫలితమూ దాచిపెట్టి, ఏ వార్డు నుంచి ఎవరు అడిగినా తీసి ఇచ్చే సర్వరు ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే ఆయన ఉద్యోగం. గదికి కిటికీ లేదు. రెండు బల్లలు, ఒక ఇనప బీరువా, ఎప్పుడూ గుర్రుమంటూ ఉండే ఏసీ. బయటికి వచ్చినప్పుడల్లా బావ తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, నాలుగోసారి లాగుతాడు. ఆసుపత్రిలో ఆయన్ని అందరూ తాళం సార్ అంటారు. ఆయనకు తెలియదనుకుంటారు గానీ, ఎవరెవరు అంటారో ఆయన దగ్గర లెక్కుంది.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు, కాదంటే కళ్లు పోతాయి. పదిహేడేళ్లలో ఒక్క రిపోర్టు పోలేదు. ప్రతిదానికీ మూడుచోట్ల నకళ్లు ఉంటాయి. ఇంకొకళ్ల రిపోర్టు ఎంత దగ్గరివాళ్లదైనా తెరిచి చూడడు. అది తన పని కాదంటాడు.

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదని అక్క చెబుతుంది. మొదటి ఉద్యోగంలో ఎవరో ఈయన పాస్‌వర్డు వాడి ఒక నెల వివరాలన్నీ చెరిపేశారట. చెయ్యని తప్పుకు క్షమాపణ పత్రం రాసి, సంతకం చేసి, బయటికి వచ్చాడు. అప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు నుంచీ ఆయన నోట ఒకటే మాట: ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఈశ్వరుడు వదిలేసిన పని తను నెత్తిన వేసుకున్నాడు.

ఆ గదిలో రెండో బల్ల మౌనిది. అసలు పేరు వేరే ఉంది గానీ, అతను మాట్లాడడు కాబట్టి మాకు మౌని. నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఇద్దరు పిల్లలు, ఇల్లంతా అతని ఒక్క జీతం మీదే. ఏడాదికోసారి సూపరింటెండెంట్ మేడమ్ అతని కాంట్రాక్టు పొడిగించాలి. పొడిగించాలంటే అతని పని తృప్తిగా ఉందని మా బావ ఒక వాక్యం రాయాలి. ఈసారి పొడిగింపు శుక్రవారం. సరిగ్గా ఆ వారమే సర్వరుకు దెయ్యం పట్టింది.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి కౌంటర్లలో, వార్డుల్లో, మా ల్యాబులో అందరం కంప్యూటర్లు తెరిచాం. కాసేపు బాగానే నడిచింది. తర్వాత వచ్చినవాళ్లకి సర్వరు చోటు లేదని చెప్పడం మొదలుపెట్టింది. ఒకేసారి ఎంతమంది దానితో మాట్లాడవచ్చో ఒక సెట్టింగుల ఫైలులో రాసి ఉంటుంది. మూడేళ్ల కిందట బావే అందులో నాలుగు వందలని రాశాడు. తెరిచి చూస్తే ఫైలులో నాలుగు వందలే ఉంది. సర్వరును అడిగితే మాత్రం నూట యాభై ఒకటి అంటోంది. బావ దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. నూట యాభై ఒకటి. చెరిపి మళ్లీ రాశాడు. నూట యాభై ఒకటి. మొండికేసి అయిదు వందలు రాసి చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఫైలు సంగతి పక్కన పెట్టి నేరుగా ఆజ్ఞ ఇస్తే నాలుగు వందలు ఒప్పుకునేది. కానీ ఆ ఫైలులో ఎంత మెమరీ వాడుకోవాలో లాంటివి ఇంకా చాలా ఉంటాయట, అవేవీ దానికి అందడం లేదు. దాంతో గంటా రెండు గంటలకి ఊపిరాడక పడిపోయేది. లేపితే మళ్లీ అదే నూట యాభై ఒకటి. నాలుగు రోజులపాటు మేం ఫలితాలు కాగితాల మీద రాసి మెట్లెక్కుతూ దిగుతూ గడిపాం. మా ల్యాబు కిటికీ ముందు నిలబడ్డ రోగుల చేత నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను.

ఏదైనా చెడితే ఏం చెడిందో చూస్తారు ఎవరైనా. మా బావ ఎవరు చెడగొట్టారో చూస్తాడు. బుధవారం మధ్యాహ్నం క్యాంటీనులో గోడవైపు బల్ల చూసి కూర్చుని, నన్ను పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నూట యాభై అయితే ఏదో పొరపాటు అనుకోవచ్చు. నూట యాభై ఒకటేమిటి? ఆ ఒకటి ఎవరో కావాలని కలిపారు. నన్ను చూసి నవ్వుకోవడానికి."

ఇంకా చెప్పాడు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున తన కీబోర్డు రెండంగుళాలు ఎడమకి జరిగి ఉందట. ఊడ్చే మనిషి జరిపి ఉంటుందని నేనన్నాను. ఆ మాట వినిపించుకోలేదు. ఆ రోజే వల వేశానన్నాడు. అప్పటిదాకా ఆ సెట్టింగుల ఫైలులో రాయగలిగేది తనొక్కడే. దాన్ని ఎవరైనా రాయగలిగేలా తెరిచిపెట్టి, ముట్టుకున్నవాళ్ల పేరు పడేలా పక్కన ఇంకో ఏర్పాటు చేశాడు. దొంగ వచ్చి చెయ్యి పెడితే దొరికిపోవాలి. ఇప్పటిదాకా ఎవరి పేరు పడిందని అడిగాను. తన పేరు తప్ప ఎవరిదీ పడలేదట.

ఎవరూ ముట్టుకోలేదన్నమాటే కదా అని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయాను. బావ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. పేరు పడలేదంటే చెరిపేశాడని అర్థమట. చెరపడం తెలిసినవాడు ఆ గదిలో తను కాక ఇంకొక్కడే ఉన్నాడట.

అక్కడ నేను నోరు మూసుకోవలసింది. నాకు నోటిదురుసు ఎక్కువని మా అమ్మ ఊరికే అనేది కాదు. సోమవారం పదింటికి కాగితాలు పట్టుకుని కిందికి వెళ్లినప్పుడు, బావ బల్ల దగ్గర మౌని కూర్చుని తెరలోకి తల దూర్చి ఏదో చదువుతున్నాడని, నన్ను చూడగానే అది మూసేసి లేచి నిలబడ్డాడని చెప్పేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచాడని కూడా అన్నాను. ఆ ముక్క అనవసరం.

బావ ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికి సూపరింటెండెంట్ మేడమ్‌కి ఉత్తరం తయారైంది. మౌని కావాలనే సర్వరు సెట్టింగులు మార్చి, ఆనవాళ్లు చెరిపేశాడని, ఆసుపత్రి పనికి అడ్డుపడ్డాడని అందులో ఉంది. కింద ఒక గీత, గీత పక్కన 'సాక్షి' అని ఉంది. ఆ గీత మీద నా సంతకం కావాలి. శుక్రవారం పదింటికి ఉత్తరం పైకి వెళుతుంది. వెళితే మౌనికి పొడిగింపు పోవడమే కాదు, ఆ మచ్చతో ఇంకో ఆసుపత్రిలో కూడా ఎవరూ గడప తొక్కనివ్వరు.

అబద్ధం ఆడడం ఎందుకు, ఆ రోజు నాకూ అతని మీద అనుమానమే. అనుమానం అంటురోగం. బస్టాపులో మౌని గోడవైపు తిరిగి ఫోనులో మెల్లగా మాట్లాడుతుంటే, ఎవరితో మాట్లాడుతున్నాడు, అసలు ఇతనికి మాటలెక్కడివని అనుకున్నాను. బస్సెక్కాక అతని మాటలు చెవినపడి, పిల్లాడికి జ్వరం తగ్గిందో లేదో కనుక్కుంటున్నాడని తెలిసి సిగ్గేసింది.

అక్కావాళ్లు మా పైఅంతస్తులోనే ఉంటారు. ఇంటికి వెళ్లగానే పైకెళ్లి అక్కకి అంతా చెప్పాను. అక్క కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా వింది. తనకు సర్వర్ల సంగతి తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

"సాక్షి సంతకం అంటున్నావు. చూసింది రాస్తున్నావా, అనుకున్నది రాస్తున్నావా?" అంది.

ఒక మనిషి ఒక కుర్చీలో కూర్చోవడం చూశాను. అంతకుమించి నేను చూసింది ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, రద్దీ తగ్గాక, కంప్యూటర్ గదికి వెళ్లాను. మౌని బయటికి వెళ్లాడు. సంతకం పెడతాను గానీ, ముందు నా కళ్ల ముందు సర్వరును ఒకసారి ఆపి మొదలుపెట్టమని బావను అడిగాను. నీకేం అర్థమవుతుందన్నాడు. అర్థం కానక్కర్లేదు, చూడాలన్నాను. మరదలి మొండితనం ఆయనకు కొత్త కాదు. విసుక్కుంటూనే చేశాడు.

తెర మీద తెల్లటి అక్షరాలు జరజరా పైకి పోయాయి. పోయిన వాటిని వెనక్కి తెమ్మన్నాను. అందులో ఏమీ లేదని, ఎవరెవరు లోపలికి వచ్చారో ఆ పేర్లన్నీ నాలుగు రోజులుగా జల్లెడ పట్టానని అన్నాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. మా ల్యాబులో రక్తం స్లైడు చూసేటప్పుడు కావలసినదాన్ని వెతకనివ్వరు. ఒక మూల మొదలుపెట్టి, పక్కకి జరిగి, కిందికి దిగి, మళ్లీ పక్కకి జరిగి, పొలం దున్నినట్టు ఒక్క చోటు వదలకుండా చూడాలి. మలేరియా ఉందేమోనని వెతికేవాడికి మలేరియా తప్ప ఇంకేమీ కనబడదని మా పెద్ద టెక్నీషియన్ చెవులు మెలేసి నేర్పింది. కుర్చీ లాక్కుని, మొదటి వరస నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. బావ గడియారం చూసుకుంటున్నాడు.

అట్టే సేపు పట్టలేదు. ఏడో వరసలోనే ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని కూడబలుక్కుని పైకి చదివాను. ఈ సెట్టింగుల ఫైలులో ఎవరైనా రాయగలిగేలా ఉంది కాబట్టి దీన్ని పట్టించుకోవడం లేదు. అంతే ఉంది.

బావ నా భుజం మీదుగా వంగి తనూ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత, నాకోసం కాదు, తనలో తను చెప్పుకుంటున్నట్టు మెల్లగా విడమరిచాడు. ఊరందరూ రాయగలిగే ఫైలును ఆ సర్వరు నమ్మదు. దొంగ ఎవడైనా అందులో ఏమైనా రాసి ఉండవచ్చని దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఫైలు లేకపోతే, దాన్ని తయారుచేసినవాళ్లు ముందే లోపల పెట్టిన అంకె తీసుకుంటుంది. ఆ అంకె నూట యాభై ఒకటి. అది ఎవరూ రాయలేదు. రెండు వారాల కిందట మంగళవారం తను వల వేశాడు. సర్వరు ఫైలు చదివేది నిద్రలేచినప్పుడు మాత్రమే కాబట్టి అప్పుడేమీ కాలేదు. మొన్న ఆదివారం కరెంటు పనికోసం ఆపి మళ్లీ మొదలుపెట్టారు. సోమవారం పొద్దున గొడవ మొదలైంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన వారమంతా వెతికింది తన చేతినే.

ఫైలులో తనొక్కడే రాయగలిగేలా మార్చి, మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగు వందలు.

అప్పుడే మౌని టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చాడు. తెర మీద నాలుగు వందలు చూసి, బాగుపడిందా అని కూడా అడగకుండా, తల ఊపి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. నాకు ఆగలేదు. సోమవారం ఇక్కడ కూర్చుని ఏం చదువుతున్నారని అడిగేశాను.

"ఈ లైనే మేడమ్," అన్నాడు.

బావ లేచి నిలబడ్డాడు. "సోమవారమే తెలుసా? నాలుగు రోజులు చెప్పలేదేం?"

మౌని డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు. నాలుగేళ్లలో నేను విన్న అతని మాటలన్నీ కలిపినా ఆ తర్వాత మాట్లాడినంత ఉండవు.

"రెండేళ్ల కిందట బ్యాకప్ ఆగిపోయిందని చెప్పాను సార్. ఆపింది నువ్వేనా అని నెల రోజులు అడిగారు. ఇది చెబితే, నా కుర్చీలో ఎందుకు కూర్చున్నావంటారు. ఆ లైను నీకెలా దొరికిందంటారు. ఫైలు తెరిచిపెట్టింది నువ్వే కదా అంటారు. పొడిగింపు వారం కదా సార్. ఊరుకుంటే మంచిదనుకున్నాను."

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది, దాచను. అతను ఊరుకున్న నాలుగు రోజులూ కిటికీ ముందు జనం నిలబడ్డారు, నా మోకాళ్లు అరిగాయి. కానీ అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పని మా బావ అనలేకపోయాడు. నేనూ అనలేకపోయాను. ఆ ఉత్తరం బావ సొరుగులోంచి నేనే తీసుకుని నాలుగు ముక్కలు చేశాను.

శుక్రవారం పదింటికి బావ సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని, ఫైలు తెరిచిపెట్టింది తనేనని చెప్పాడు. ఎందుకు తెరిచారని ఆవిడ అడిగితే అదీ దాచలేదు. ఆ నిజాయితీ ఆయనకుంది. మౌని పని తృప్తిగా ఉందని వాక్యం రాసి ఇచ్చాడు. 'చాలా' అని ముందు చేర్చాడు కూడా. మేడమ్ పొడిగింపు మీద సంతకం పెట్టింది. పిలిపిస్తే వచ్చిన మౌని ఆ కాగితం కళ్లకద్దుకుని, జేబులోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. తనను కంప్యూటర్ గది నుంచి రిజిస్ట్రేషన్ కౌంటరుకు మార్చమని అందులో ఉంది. జీతం అదే. పని మాత్రం వచ్చినవాళ్ల పేరూ వయసూ అడిగి టైపు చెయ్యడం. సర్వరు కడుపులో ఏముందో తెలిసిన మనిషికి అది చేతులు కట్టేసుకోవడంతో సమానం. అక్కడ మనుషులతో మాట్లాడాలి కదా అని మేడమ్ అడిగితే, ఫరవాలేదు, మాట్లాడతానన్నాడట. సోమవారం నుంచి వెళ్లిపోతున్నాడు.

ఆ సాయంత్రం అక్క నన్నూ భోజనానికి పిలిచింది. ముగ్గురం కూర్చున్నాం. సగం తినేదాకా బావ ఏమీ మాట్లాడలేదు. మెత్తబడ్డాడనుకుని నేను లోలోపల సంతోషపడుతున్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. తన తప్పు తను ఒప్పుకున్నాడట, అది వేరే సంగతి. కానీ మౌని అంతా తెలిసి నోరు మూసుకు కూర్చున్నాడే, అలాంటివాణ్ని ఎలా నమ్మడం? ఇప్పుడు కౌంటరుకు ఎందుకు వెళుతున్నట్టు? దాని వెనకాల ఏదో ఉండకపోదట. నిప్పు లేనిదే పొగ రాదట.

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. గరిటె గిన్నెలో పెట్టి, ఆయనకెదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"పోయినేడు నాకు మెడలో గడ్డ వచ్చిందండీ. మీ ఆసుపత్రికే వచ్చి చూపించుకున్నాను. సూది గుచ్చి పరీక్ష చేశారు. పదకొండు రోజులకి ఏం లేదని చెప్పారు. ఆ రిపోర్టు మీ సర్వరులోనే ఉంది, నా పేరుతోనే."

బావ నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. ఆ పదకొండు రోజులూ అక్క పక్కన కూర్చున్నది నేనే. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది కూడా నేనే. ఆ మెట్ల వెనకాల గదిలో, తాళం వేసుకుని, బావ ఉన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబుదామనే అనుకున్నాను. రెండుసార్లు మీ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాను. చెబితే మీరు ముందు ఏం అడుగుతారో నాకు తెలుసు."

బావ కంచంలో చెయ్యి అలాగే ఉంది. పెదాలు కదిలాయి. "ఎవరితో వెళ్లా..." అని, అక్కడే ఆగిపోయాడు.

అక్క కదలలేదు. ఆ మాట పూర్తి చేస్తాడా, ఇంకేమైనా అడుగుతాడా అని ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.